ప్రవర్తన శిక్షణ కోర్సులు: పేరు ఒకటే, పనులు వేరు. మీకు ఏది?

నేను కట్టిన మొదటి ఫీజు దండగైంది. అప్పటికి టీచరుగా కొత్త. మూడో తరగతి ఇచ్చారు. వెనక బెంచీలో ఒక పిల్లాడు ఐదు నిమిషాలకోసారి లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవాడు, వాడి వెనకే ఇంకో ఇద్దరు. "బిహేవియర్ మేనేజ్‌మెంట్" అని పెద్ద అక్షరాలతో ఒక రెండు రోజుల శిక్షణ ప్రకటన కనబడితే వెంటనే చేరిపోయాను. తీరా వెళ్తే అక్కడ నేర్పింది, ఎవరైనా జుట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, ముంజేయి గట్టిగా పట్టేస్తే ఏ వైపుకు తిప్పాలి అని. పక్కన కూర్చున్నవాళ్లంతా మానసిక వైద్యశాలల్లో పనిచేసే నర్సులు, అటెండర్లు. వాళ్లకు అది రోజూ అక్కరకొచ్చే విద్య. నాకు మాత్రం సోమవారం పొద్దున క్లాసులో ఒక్క ముక్కా పనికిరాలేదు. మా పిల్లాడు ఎవరి జుట్టూ పట్టుకోలేదు మరి. కిటికీ దగ్గరికి వెళ్లాడంతే.

తప్పు వాళ్లది కాదు, పేరు చూసి చేరిన నాది. ఈ ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాల శిక్షణలు నడుస్తున్నాయి. పిల్లల మారాంతో వేగలేని తల్లిదండ్రులకు ఒకటి. క్లాసు నడిపే టీచర్లకు ఒకటి. ఆటిజంలాంటివి ఉన్న పిల్లలతో పనిచేయడమే వృత్తిగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఒకటి. పరిస్థితి చెయ్యి దాటినప్పుడు ఎవరికీ దెబ్బ తగలకుండా చూడాల్సిన సిబ్బందికి ఒకటి. తన కోపాన్ని తాను అదుపు చేసుకోవాలనుకునే పెద్దవాళ్ల క్లాసులకు కూడా ఒక్కోసారి ఇదే పేరు తగిలిస్తారు.

అందుకని ఏ కోర్సు వివరాలూ చదవకముందే కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. నన్ను ఇబ్బంది పెడుతున్నది ఎవరి ప్రవర్తన? అది ఎక్కడ, ఏ వేళలో జరుగుతోంది? ఆ సమయానికి ఎదురుగా ఉండేది ఎవరు? మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ ఎంపికను తేల్చేది అదే. ఈ కోర్సులు నేరుగా పిల్లాడికో రోగికో నేర్పవు, ఎదురుగా ఉన్న పెద్దమనిషికి నేర్పుతాయి. పిల్లాడు పగలంతా అమ్మమ్మ దగ్గర ఉంటే, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే నాన్న ఒక్కడే కోర్సు చేయడం వల్ల వచ్చే లాభం కొంచెమే. అమ్మమ్మను కూడా కూర్చోబెట్టే కోర్సు వెతుక్కోవాలి.

అన్నిటికీ అడుగున ఉన్న లెక్క

రకం ఏదైనా సరే, పనికొచ్చే కోర్సు అయితే మొదటి ఒకటి రెండు క్లాసుల్లోనే ఒక సంగతి వస్తుంది. ఒక ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, ఆ ప్రవర్తన కచ్చితంగా ఏమిటి, అది చేశాక ఆ మనిషికి ఏం దొరికింది. ఈ మూడూ వరసగా రాయడం నేర్పుతారు. "మొండివాడు", "పొగరు" లాంటి మాటలు ఆ కాగితం మీద రాయనివ్వరు. "పలక తీయమనగానే నేలమీద పడుకున్నాడు, నాలుగు నిమిషాలు లేవలేదు, తర్వాత పలక లోపల పెట్టేశాం" అని రాయాలి. చివరి వాక్యం చదివితే జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

ప్రవర్తన వెనక కారణాలను సాధారణంగా నాలుగుగా లెక్కేస్తారు: ఎవరైనా తనను పట్టించుకోవాలని, ఇష్టంలేని పని తప్పించుకోవాలని, కావాల్సిన వస్తువు కోసం, లేదా ఆ పని చేస్తేనే ఒంటికి హాయిగా ఉంటుందని. 1982లో బ్రయాన్ ఇవాటా అనే ప్రవర్తన శాస్త్రవేత్త, ఆయన సహచరులు తమను తాము కొట్టుకునే పిల్లలను గమనించి, ఒకే ప్రవర్తన వెనక కారణాలు వేరువేరుగా ఉంటాయని చూపించారు. పైకి ఒకేలా కనిపించే తల కొట్టుకోవడం ఒక పిల్లాడిలో పని తప్పించుకోవడానికి, ఇంకో పిల్లాడిలో పెద్దవాళ్ల ధ్యాస కోసం కావచ్చు. మందు ఒకటే అయితే ఒకరికి తగ్గి ఇంకొకరికి పెరుగుతుంది. లెక్కలంటే భయపడి పుస్తకం చింపిన పిల్లాణ్ని బయట నిలబెట్టామనుకోండి, వాడు కోరుకున్నది మనమే చేతిలో పెట్టినట్టు. రేపు మళ్లీ చింపుతాడు. ధ్యాస కోసం చింపినవాడికైతే అదే శిక్ష కొంత పనిచేయొచ్చు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. ఇన్నాళ్లూ పేచీ పెడితే దొరికినది ఒక్కసారిగా ఆపేస్తే, పేచీ తగ్గేముందు చాలాసార్లు పెరుగుతుంది. ఈ సంగతి చెప్పని కోర్సు చేసినవాళ్లు మూడో రోజుకే "ఇది మా ఇంట్లో పనిచేయదు" అని చేతులెత్తేస్తారు. పైగా, బాగా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని పిల్లకు నేర్పినట్టు కూడా అవుతుంది. కోర్సు ఏదైనా, ఈ రెండు సంగతులూ అందులో లేకపోతే అది చిట్కాల మూట. చిట్కాలు ఫోన్లో ఊరికే దొరుకుతాయి, ఫీజు ఎందుకు?

తల్లిదండ్రులైతే

ఎక్కువ పరిశోధన జరిగింది ఇక్కడే, ఎంచుకోవడానికి ఎక్కువ దారులున్నదీ ఇక్కడే. అమెరికాలోని ఆరెగాన్‌లో జెరాల్డ్ పాటర్సన్ అనే పరిశోధకుడు ఇళ్లలో జరిగే గొడవలను దగ్గరనుంచి గమనించి ఒక చక్రం లాంటిది గుర్తించాడు. అమ్మ ఒక పని చెప్తుంది, పిల్ల అరుస్తుంది, అమ్మ ఇంకా గట్టిగా అరుస్తుంది, పిల్ల ఇంకా పెంచుతుంది, చివరికి అమ్మ వదిలేస్తుంది. ఇద్దరికీ ఆ నిమిషానికి నెమ్మది దొరికింది, రేపటి గొడవకు విత్తనం కూడా పడింది. ఆ తర్వాత వచ్చిన పేరెంట్ శిక్షణల్లో చాలావాటికి ఈ పరిశీలనే పునాది.

పిల్లకు 2 నుంచి 7 ఏళ్లలోపు ఉండి, కొట్టడం, విసరడం, ఏ మాటకూ లొంగకపోవడం బాగా ముదిరి ఉంటే, నేను మొదట అడగమనేది పీసీఐటీ గురించి. పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. 1970లలో షీలా ఐబర్గ్ రూపొందించింది. ఇందులో మీకు పాఠం చెప్పి పంపేయరు. మీరు, మీ పిల్ల ఒక గదిలో ఆడుకుంటుంటారు, థెరపిస్ట్ అద్దం అవతల నుంచి చూస్తూ మీ చెవిలోని పరికరంలో "ఇప్పుడు మెచ్చుకోండి", "ప్రశ్న అడగకండి, చేస్తున్నది చెప్పండి" అంటూ అప్పటికప్పుడు నడిపిస్తారు. మొదటి దశ మొత్తం ఆటే. ఐదు నిమిషాల ఆటలో కనీసం 10 సార్లు ఫలానా పని బాగుందని పేరుపెట్టి మెచ్చుకోవాలి, 10 సార్లు పిల్ల చేస్తున్నది మాటల్లో చెప్పాలి, 10 సార్లు పిల్ల మాటను తిరిగి పలకాలి. ప్రశ్నలు, ఆజ్ఞలు, తప్పుపట్టడాలు అన్నీ కలిపి మూడుకు మించకూడదు. వినడానికి సులువే. ఒకసారి ఇంట్లో ఫోన్లో రికార్డు చేసి లెక్కపెట్టి చూడండి, మనం పిల్లలతో ఎన్ని ప్రశ్నలు, ఎన్ని ఆజ్ఞలతో మాట్లాడతామో తెలిసి సిగ్గేస్తుంది. ఈ దశ దాటాకే రెండోది, మాట వినేలా ఆజ్ఞ ఎలా ఇవ్వాలి, వినకపోతే ఏం చేయాలి అనేది. కోర్సు పూర్తయ్యేది వారాలు గడిచినందుకు కాదు, మీకు ఆ నైపుణ్యం వచ్చిందని లెక్క తేలినందుకు. దీని లోపం కూడా అదే. ఒక్కో కుటుంబానికి ఒక శిక్షణ పొందిన థెరపిస్ట్ కావాలి, వాళ్లు అన్నిచోట్లా దొరకరు. వీడియో కాల్‌లో చేసేవాళ్లు ఉన్నారు, గది అమరిక కొంచెం చూసుకుంటే అదీ నడుస్తుంది.

ఒంటరిగా ఉన్నామనే బాధ ఎక్కువగా ఉన్న తల్లిదండ్రులకు గుంపుగా చేసే కోర్సులు మేలు. సియాటిల్‌లో కరొలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ మొదలుపెట్టిన ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ ఆ రకం. పదిమంది పైచిలుకు తల్లిదండ్రులు, ఇద్దరు నడిపేవాళ్లు, చిన్న చిన్న వీడియో ముక్కలు, వాటి మీద చర్చ, అక్కడికక్కడే నటించి చూడటం. పిల్లల వయసును బట్టి 12 నుంచి 20 వారాల దాకా సాగుతుంది. అన్ని వారాలు వదలకుండా వెళ్లగలరా అనేది ముందే నిజాయితీగా లెక్కేసుకోండి. మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ. పిల్లలను చూసుకునే ఏర్పాటు ఆ క్లాసు జరిగే చోటే ఉందా అని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

ట్రిపుల్ పీ అనే ఆస్ట్రేలియా పద్ధతి, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మాట్ సాండర్స్ బృందం తయారుచేసింది, ఐదు మెట్లుగా ఉంటుంది. చిన్న సమస్యకు చిన్న మోతాదు, పెద్ద సమస్యకు పెద్దది. "నాకు పెద్ద గొడవేం లేదు, నిద్రవేళ పేచీ ఒక్కటే" అనేవాళ్లను ఇరవై వారాల కోర్సులో కూర్చోబెట్టడం అన్యాయం కదా, అలాంటివాళ్లకు ఇందులోని కింది మెట్లు సరిపోతాయి. ఆన్‌లైన్‌లోనూ ఉంది. దాని మీద వచ్చిన అధ్యయనాల్లో చాలావాటిలో తయారుచేసినవాళ్లకు చెందినవారే పాల్గొన్నారని 2012లో ఒక సమీక్ష గట్టిగా ఎత్తిచూపింది. అంతమాత్రాన అది పనికిరానిదని కాదు. ప్రకటనలోని "పరిశోధనలో రుజువైంది" అన్న మాటను మాత్రం అక్షరాలా తీసుకోకండి.

ఆటిజం, మాటలు ఆలస్యంగా రావడం లాంటివి ఉన్న 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కుటుంబాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ అని ఒకటి పెట్టింది. తొమ్మిది గుంపు క్లాసులు, మూడుసార్లు ఇంటికి రావడం. పెద్ద డిగ్రీలున్న నిపుణులే కాకుండా శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు కూడా నడపగలిగేలా తయారుచేశారు. 2022 నుంచి ఆన్‌లైన్ రూపంలోనూ ఉంది. థెరపీకి పెద్ద వరసలో పేరు రాయించి నెలలు ఎదురుచూస్తున్నవాళ్లు ఈలోగా దీన్ని మొదలుపెట్టొచ్చు. అసలు డబ్బే లేదు, ముందు సంగతేమిటో తెలుసుకోవాలి అనుకునేవాళ్లకు యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ కాజ్డిన్ కోర్సెరా అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో చెప్పిన పేరెంటింగ్ పాఠాలు మంచి మొదలు. చూడటం వరకే. చేస్తున్నప్పుడు మీ తప్పు పట్టి చెప్పేవాళ్లు అందులో ఉండరు.

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం) అని డాక్టరు చెప్పి ఉంటే ఒక విషయం తెలిసి ఉండాలి. నాలుగేళ్లు నిండి ఆరు నిండని పిల్లలకు మందుకంటే ముందు తల్లిదండ్రులకు ఈ శిక్షణ ఇవ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆరు దాటాక మందు, శిక్షణ రెండూ కలిపి. "కోర్సు చేస్తే మందు మానేయొచ్చు" అని చెప్పే ట్రైనర్ దగ్గర మాత్రం ఆగకండి. మందు సంగతి డాక్టరుతో తేల్చుకోవాల్సింది.

పదేళ్లు దాటిన పిల్లలకు మంచి పనికి నక్షత్రం అంటించే చార్టులు, కాసేపు పక్కన కూర్చోబెట్టే టైమ్ అవుట్‌లు పెద్దగా ఎక్కవు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని సామెత భయపెడుతుంది గానీ, వంచడం మానేసి కూర్చుని మాట్లాడే దారి ఒకటుంది. రాస్ గ్రీన్ చెప్పిన కొలాబరేటివ్ అండ్ ప్రోయాక్టివ్ సొల్యూషన్స్ అలాంటిది. పిల్లవాడు కావాలని చేయడం లేదు, ఆ పరిస్థితిని నెగ్గుకొచ్చే నేర్పు తనకింకా రాలేదు అనేది దాని మూలం. గొడవ జరుగుతున్నప్పుడు కాకుండా ముందే, తీరిగ్గా, ముందు వాడి కష్టం విని, తర్వాత మన కష్టం చెప్పి, ఇద్దరికీ కుదిరే దారి వెతకడం. చిన్నచిన్నవాటికే భగ్గుమనే పిల్లలకు, బహుమతుల ఆశ చూపిస్తే ఇంకా రెచ్చిపోయేవాళ్లకు ఇదే నయం. ఓపిక లేని పెద్దలకు మాత్రం మొదటి నెల నరకంలా ఉంటుంది.

టీచరైతే

క్లాసు సమస్య వేరు. ఇంట్లో ఒక పిల్ల, ఇక్కడ నలభైమంది. ఒక్కడి కోసం పైన చెప్పిన ముందు-ప్రవర్తన-తర్వాత కాగితం రాస్తూ కూర్చుంటే పాఠం ఎవరు చెప్తారు? అందుకే టీచర్ల కోర్సుల్లో ముందు మొత్తం క్లాసు కోసం చేసేవి ఉండాలి: రోజువారీ పద్ధతులు మొదటి వారంలోనే నేర్పడం, ఎక్కడ నిలబడాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, బాగా చేస్తున్నవాళ్లను పేరుపెట్టి మెచ్చుకోవడం. వీటిలో అన్నిటికంటే పాతది, నాకు బాగా నచ్చినది గుడ్ బిహేవియర్ గేమ్. 1969లో కాన్సాస్‌లో ఒక నాలుగో తరగతి గదిలో మొదలైంది. క్లాసును జట్లుగా విడదీస్తారు. ఎవరైనా నియమం తప్పితే వాళ్ల జట్టుకు ఒక గీత. గీతలు తక్కువున్న జట్లన్నీ గెలిచినట్టే, ఒక్కటే గెలవాలని లేదు. తర్వాత 1980లలో బాల్టిమోర్‌లో ఒకటో తరగతి పిల్లలతో ఆడించి, వాళ్లు 19, 21 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి చూస్తే, చిన్నప్పుడు బాగా దూకుడుగా ఉన్న మగపిల్లల్లో మాదకద్రవ్యాల అలవాటులాంటివి తక్కువగా కనిపించాయి. ఒక పూట వర్క్‌షాపులోనే దీని పద్ధతి అర్థమవుతుంది. జట్టును ఓడించే ఒక్క పిల్లాడి మీద మిగతావాళ్లు పళ్లు నూరకుండా నడపడం మాత్రం అనుభవం మీద వచ్చేదే.

పీబీఐఎస్ (పాజిటివ్ బిహేవియరల్ ఇంటర్వెన్షన్స్ అండ్ సపోర్ట్స్) అనేది తరచుగా టీచర్ కోర్సుల జాబితాలో కనిపిస్తుంది. ఆరెగాన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పద్ధతి. అందరికీ ఒక మెట్టు, ఇంకాస్త సాయం కావాల్సిన సుమారు 15 శాతానికి రెండోది, చాలా ఇబ్బంది ఉన్న 5 శాతానికి మూడోది. మంచి ఆలోచన. అయితే ఇది బడి మొత్తం చేయాల్సింది. హెడ్మాస్టరు, ఐదారుగురు టీచర్ల జట్టు కలిసి శిక్షణకు వెళ్లి, ఏళ్ల తరబడి నడపాలి. ఒక టీచరు సొంత డబ్బుతో ఒంటరిగా వెళ్లి వస్తే మిగిలేది చేతిలో ఫైలు. మీ బడి ముందుకు రాకపోతే ఆ డబ్బును ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ వాళ్ల టీచర్ కోర్సు లాంటి, మీ గదికి మీరే యజమాని అయ్యే కోర్సు మీద పెట్టండి. ట్రైనర్ మీ క్లాసుకు వచ్చి వెనక కూర్చుని చూసే ఏర్పాటు ఉన్నది దొరికితే మరీ మంచిది. నాకు ఆ కిటికీ పిల్లాడి సంగతి అర్థమైంది అలా ఒకరు వచ్చి చూశాకే. నేను బోర్డు వైపు తిరిగి రాసిన ప్రతిసారీ వాడు లేచేవాడట.

ఇదే వృత్తి కావాలంటే

అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, పైన చెప్పిన ముందు-తర్వాత లెక్కతో ప్రవర్తనను మార్చే పద్ధతి, అందరూ ఏబీఏ అంటారు. దీని మీద నడిచే కోర్సుల్లో ఎక్కువగా వినిపించేది ఆర్‌బీటీ, అంటే రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్, పిల్లలతో నేరుగా పనిచేసే సహాయకుల సర్టిఫికెట్. పద్దెనిమిదేళ్లు నిండి, హైస్కూల్ స్థాయి చదువు ఉన్నవాళ్లు 40 గంటల శిక్షణ తీసుకుని, పని చేసి చూపించే పరీక్ష నెగ్గి, రాత పరీక్ష రాయాలి. 40 గంటల్లో నిపుణుడైపోతారని కాదు. ఆర్‌బీటీ సొంతంగా పనిచేయకూడదు. తన పని గంటల్లో నెలకు కనీసం 5 శాతం పైవాళ్ల పర్యవేక్షణలో ఉండాలి. ఆ పైవాళ్లు బీసీబీఏలు, అంటే బోర్డ్ సర్టిఫైడ్ బిహేవియర్ అనలిస్టులు: మాస్టర్స్ డిగ్రీ, సాధారణ పద్ధతిలో 2,000 గంటల పర్యవేక్షణలో పని, ఆ మీద పరీక్ష.

చేరేముందు చూసుకోవాల్సిన పెద్ద విషయం ఇది. ఈ సర్టిఫికెట్లిచ్చే అమెరికా సంస్థ బీఏసీబీ 2023 మొదలు చాలా దేశాలవారి దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. అయినా "40 గంటల ఆర్‌బీటీ కోర్సు" అని ప్రకటనలు ఆగలేదు. 40 గంటలు పూర్తిచేసినంత మాత్రాన ఆర్‌బీటీ కారు. మీరున్న దేశం నుంచి పరీక్ష రాసే వీలుందా అని డబ్బు కట్టకముందే ఆ సంస్థ సొంత సైట్‌లో చూసుకోండి, కోర్సు అమ్మేవాళ్ల మాట మీద కాదు.

ఇంకో చర్చ కూడా తెలిసి వెళ్లాలి. ఏబీఏకు పేరు తెచ్చింది 1987లో ఇవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం. వారానికి 40 గంటల చొప్పున శిక్షణ పొందిన 19 మంది ఆటిజం పిల్లల్లో 9 మంది మామూలు బడిలో ఇమిడిపోయారని అందులో చెప్పారు. ఆ శిక్షణలో గట్టిగా గద్దించడం, తొడమీద చరచడం లాంటివి కూడా ఉండేవి. ఇవాళ ఎదిగిన ఆటిస్టిక్ మనుషుల్లో చాలామంది, "మమ్మల్ని మామూలుగా కనిపించేలా దిద్దారు, మా బాధ ఎవరూ అడగలేదు" అని నిలదీస్తున్నారు. అందులో న్యాయం ఉంది. అందుకని కోర్సువాళ్లను ఒక ప్రశ్న అడగండి: పిల్ల చేతులు ఊపుకుంటుంటే ఆపడం మీ లక్ష్యాల్లో ఉందా? ఎవరికీ హాని చేయని ఊపుడును ఎందుకు ఆపాలో చెప్పలేక తడబడేవాళ్ల దగ్గర నేర్చుకోకపోవడమే మంచిది. "వద్దని ఎలా చెప్పాలో ముందు నేర్పుతాం" అనేవాళ్లు దొరికితే చేరండి.

చెయ్యి దాటే పరిస్థితుల్లో పనిచేసేవాళ్లకు

వార్డు సిబ్బంది, వృద్ధాశ్రమాల్లో మతిమరుపు జబ్బున్నవాళ్లను చూసుకునేవాళ్లు, ప్రత్యేక పాఠశాలల్లో బాగా ఎదిగిన పిల్లలతో పనిచేసేవాళ్లు, వీళ్లకు కావాల్సింది నేను పొరపాటున చేరిన రకం. 1980లో మొదలైన అమెరికాలోని క్రైసిస్ ప్రివెన్షన్ ఇన్‌స్టిట్యూట్, సీపీఐ, వీటిలో బాగా తెలిసినది. బ్రిటన్‌లో టీమ్ టీచ్ పాఠశాలల వైపు ఎక్కువ. పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. పేరుకంటే లోపల దేనికి ఎంత సమయం ఇచ్చారన్నదే చూడాలి.

రెండు రోజుల కోర్సులో ఒకటిన్నర రోజు పట్టులు, విడిపించుకోవడాలే అయితే వద్దు. మనిషికి కోపం మెల్లగా ఎక్కుతున్న గుర్తులు ఏమిటి, ఏ దశలో ఏం మాట్లాడాలి, ఎంత దూరంలో నిలబడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, గదిలో మిగతావాళ్లను ఎవరు బయటికి తీసుకెళ్లాలి, అంతా అయ్యాక ఆ మనిషితోనూ సిబ్బందితోనూ ఎలా కూర్చుని మాట్లాడాలి, అసలు పని ఇక్కడుంది. బ్రిటన్‌లోని రిస్ట్రెయింట్ రిడక్షన్ నెట్‌వర్క్ 2019లో తెచ్చిన శిక్షణ ప్రమాణాలు కూడా నివారణకే ముందు పీట వేశాయి. బోర్లా పడుకోబెట్టి వీపుమీద బరువు వేయడం నేర్పే కోర్సు కనబడితే లేచి వచ్చేయండి. ఊపిరాడక మనుషులు చనిపోయారు, అలా చనిపోయినవాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. చేతులతో పట్టుకునే మెళకువలు ఏటా మళ్లీ సాధన చేయకపోతే అవసరం వేళ తప్పుగా వస్తాయి, కాబట్టి రిఫ్రెషర్ ఖర్చు కూడా లెక్కలో కలుపుకోండి.

ఇంట్లో తల్లిదండ్రులు ఈ కోర్సుల వైపు చూడటం నాకు తెలుసు, ముఖ్యంగా పద్నాలుగేళ్ల కొడుకు తమకంటే ఎత్తు పెరిగి చెయ్యి చేసుకుంటున్నప్పుడు. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. పట్టులు మాత్రం ఒంటరిగా ఉన్న ఒక మనిషి కోసం తయారైనవి కావు, చాలావాటికి ఇద్దరు ముగ్గురు కావాలి. అలాంటి కుటుంబానికి మాటలతో చల్లబరచడం వరకు ఉన్న చిన్న కోర్సు, దానితోపాటు ఆ ప్రవర్తనకు కారణం వెతికి పెట్టే మనిషి కావాలి. నొప్పి కూడా ఒక కారణమే. పంటినొప్పి, మలబద్ధకం చెప్పలేని పిల్లలు కొడతారు, కొరుకుతారు. ఏ కోర్సుకన్నా ముందు డాక్టరు చూడాలి.

తమ కోసం వెతికే పెద్దలకు

వీళ్ల గురించి క్లుప్తంగా. కోపం సమస్యైతే ఆలోచనల తీరును మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియరల్ పద్ధతి మీద నడిచే గుంపు క్లాసులు సరిపోతాయి. రేమండ్ నొవాకో 1975 నుంచి పనిచేసిన దారి ఇది. కోపంతోపాటు తనను తాను గాయపరుచుకోవడం, బంధాలు మాటిమాటికీ తెగిపోవడం ఉంటే మార్షా లైనహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) నైపుణ్యాల క్లాసులు, అవి నెలల తరబడి సాగుతాయి. భార్యనో భర్తనో కొట్టే అలవాటు ఉన్నవాళ్లకు కోపం క్లాసు సరైనది కాదు. అది వేరే సమస్య, వేరే నిపుణులు కావాలి. ఇక ఆఫీసుల్లో మేనేజర్లకు అమ్మే "బిహేవియర్" కోర్సుల్లో ఆర్గనైజేషనల్ బిహేవియర్ మేనేజ్‌మెంట్ అని అసలు శాస్త్రం ఒకటుంది, కొలత, ఫీడ్‌బ్యాక్ మీద నడిచేది. మిగతావాటిలో సగం ఉత్సాహపరిచే ఉపన్యాసాలు.

ఫీజు కట్టేముందు

శిక్షణ అంటే నాలుగు పనులు: చెప్పడం, చేసి చూపించడం, మనచేత చేయించడం, చేసినదాంట్లో తప్పొప్పులు చెప్పడం. ప్రవర్తన శాస్త్రంలోనే ఈ నాలుగింటినీ కలిపి బిహేవియరల్ స్కిల్స్ ట్రైనింగ్ అంటారు. చిత్రమేమిటంటే ప్రవర్తన కోర్సుల్లోనే చాలావాటిలో మొదటి రెండే ఉంటాయి. ఈత వీడియో చూసి బావిలో దూకినట్టు. అందుకే నా వరకు ఆన్‌లైనా, ముఖాముఖినా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, నేను చేస్తుంటే ఎవరు చూస్తారు? వీడియో కాల్‌లో మీ ఇంటి అన్నం వేళను చూసి సలహా ఇచ్చే ఆన్‌లైన్ కోర్సు, మూడొందల మంది హాల్లో స్లైడ్లు చూపించే ముఖాముఖి కోర్సుకన్నా వంద రెట్లు నయం.

ఫోన్ చేసినప్పుడు ఇంకా అడగాల్సినవి: నేర్పే మనిషి ఎవరితో ఎన్నేళ్లు పనిచేశారు, కోర్సు అయిపోయాక ఎన్నిసార్లు మాట్లాడొచ్చు, మా ఇంట్లో ఇంకొకరు ఇదే ఫీజుతో కూర్చోవచ్చా, పని చేయలేదని ఎప్పుడు ఒప్పుకుంటారు. చివరి ప్రశ్నకు "మా పద్ధతి ఫెయిల్ కాదు" అని వస్తే ఫోన్ పెట్టేయండి. సర్టిఫికెట్ ఉద్యోగం కోసం కావాలంటే, ఉద్యోగం ఇచ్చేవాళ్లనే ముందు అడగండి, ఏ సర్టిఫికెట్ లెక్కలోకి తీసుకుంటారో. తల్లిదండ్రులకు సర్టిఫికెట్‌తో పనే లేదు, దానికోసం ఎక్కువ కట్టకండి.

చేరడం ఖాయమయ్యాక, క్లాసు మొదలయ్యేలోపు ఒక వారం రోజులు ఆ ఒక్క ప్రవర్తన రోజుకు ఎన్నిసార్లు జరిగిందో, ఒక్కోసారి ఎన్ని నిమిషాలు సాగిందో క్యాలెండర్ మీద గీతలు గీయండి. ఇంకేమీ మార్చొద్దు, లెక్కే. ఆ కాగితం మొదటి క్లాసుకు పట్టుకెళ్లండి. దాన్ని చేతిలోకి తీసుకుని ప్రశ్నలు అడిగే ట్రైనర్‌కూ, పక్కన పెట్టి స్లైడ్లు మొదలుపెట్టే ట్రైనర్‌కూ తేడా ఆ రోజే తెలిసిపోతుంది. రెండో రకం అయితే ఫీజు వాపసు గడువు ఎప్పటివరకో చూసుకోండి.